ఇరవై చుట్లు

పదకొండు గంటలు తిరిగి
ఆగిపోయింది.
పద్నాలుగు తిరగాలని నా లెక్క.

నవంబరు నుంచి కోస్తున్నాను.
సారెమా దీవిలో నవంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే దీపం,
టీ కప్పులో తేలుతున్న రంపపు పొట్టుని
వేలితో పక్కకు తోసి తాగేయడం.
బిర్చ్ పలకలు, ఒక్కొక్కటీ పదమూడు పొరలు.
కోసిన అంచున
ముదురు, లేత, ముదురు, లేత.
రెండు చక్రాలు, చక్రానికి నలభై ఎనిమిది ఆకులు,
కొడవళ్ళలా వంగినవి.
ఒకటి కుడికి, ఒకటి ఎడమకి
ఒకదాని మీదుగా ఒకటి జారుతుంటే
లేని పువ్వొకటి మధ్యలో విచ్చుకుని
మూసుకుని
మళ్ళీ విచ్చుకోవాలి.
మోటారు లేదు. లోపల స్ప్రింగు చుట్ట,
ఇరవై చుట్లు కీ ఇస్తే చాలు.

అనుమానం వచ్చిన చోటల్లా
చిత్రిక పట్టాను, తేనెమైనం రాశాను, తిట్టాను.
చెక్క ఊరుకుంది.

పక్కింటి ఎండెల్ వచ్చాడు.
ముప్పై ఏళ్ళు ఫెర్రీ ఇంజను గదిలో పనిచేసి
చెవులు అక్కడే వదిలేసిన మనిషి.
పొగబెట్టిన చేపల వాసనతో, బూట్లు విప్పకుండా,
నేరుగా వచ్చి నా పెన్సిలు తీసుకున్నాడు.
ఒక కొన పళ్ళ మధ్య పట్టుకుని
రెండో కొన చట్రానికి ఆనించి
కళ్ళు మూసుకున్నాడు.
నేను కెటిల్ ఆపేశాను,
ఆయనకి వినపడదని తెలిసి కూడా.

చాలాసేపటికి
"ముప్పై ఒకటో ఆకు," అన్నాడు, అవసరానికి మించి గట్టిగా.
"తప్పుకోవాల్సినప్పుడు తప్పుకోవట్లేదు,
అచ్చం మా బావమరిది."

కొలిచి చూశాను. వెంట్రుకవాసి.
ఆగినప్పుడల్లా అదే ఆకు కెటిల్ వైపు నిలబడి
నాతోపాటు చలికాలమంతా
ఆవిరి తాగి ఉబ్బింది.
నాలుగువందల నంబరు గరుకు కాగితం, ఆరు సార్లు.
ఏడోసారికి చెయ్యి పట్టుకుని ఆపాడు.
ఆ పెన్సిలు మీద ఆయన పంటి గాట్లున్నాయి.
ఇప్పటికీ దాంతోనే గీస్తాను.

అడిగినవాళ్ళకి నమూనాలు ఇచ్చేస్తాను,
అట్టగొట్టంలో చుట్టి, పోస్టులో.
టాలిన్‌లో గ్యాలరీ నడిపే రైనర్‌కి గిట్టదు.
"నీ చేతులు నువ్వే పంచిపెట్టుకుంటున్నావు, హిల్యె."
చేతులు చూసుకున్నాను.
ఎడమ బొటనవేలికి కొస లేదు.
అదెవరికీ పంచలేదు, రంపం తీసుకుంది.

వాల్గాలో పిరెట్ అనే టీచరు
బడిపిల్లలతో చేయించింది.
పిల్లలు ఒక చక్రం కాగితాన్ని
తిరగేసి అతికించారు.
బిర్చ్ కొనడానికి డబ్బుల్లేక విరిగిన బెంచీలు కోశారట,
ఒక ఆకు మీద
ఎవరిదో సగం పేరు, సగం హృదయం బొమ్మ.
వీడియోలో పువ్వు విచ్చుకోలేదు.
ఏదో పిట్టల గుంపు
గాలి మలుపులో ఒక్కసారిగా ఒరిగినట్టు
చట్రం ఈ చివర నుంచి ఆ చివరకి
నీడ పరిగెత్తింది.

మూడుసార్లు చూశాను.
కాసేపు అసూయ పడ్డాను, అబద్ధమెందుకు.
తర్వాత స్క్రూలు విప్పి
నా ముందు చక్రాన్ని తిరగేసి బిగించాను.
పిరెట్‌కి రాశాను:
తప్పుగా అతికించిన పిల్లల పేర్లు పంపండి,
చట్రం వెనక రాయాలి.
ఐదు పేర్లొచ్చాయి. ఎండెల్‌ది ఆరోది.
నాది రాయడానికి చోటు మిగల్లేదు,
మూలన చిన్నగా ఇరికించాను.

ఇప్పుడది కుయివాస్తు రేవులో,
టిక్కెట్ల కిటికీ పక్క గోడ మీద.
కింద అట్ట: ఇరవై చుట్లు. ఇరవై ఒకటి వద్దు.
మొదటి రోజు నేనొక మూల బెంచీ మీద
ఎవరో ప్రయాణికురాలిలా కూర్చున్నాను.
పసుపు రెయిన్‌కోటు పిల్ల ఒకతి
మునివేళ్ళ మీద లేచి
పెదాలు కదుపుతూ లెక్కపెడుతూ తిప్పుతోంది.
పంతొమ్మిది దగ్గర ఫెర్రీ కూత.
తల్లి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది,
ఆ పిల్ల వెనక్కి చూస్తూనే వెళ్ళింది.

మిగిలిన ఒక్క చుట్టూ ఇద్దామని లేవబోయాను.
టోపీ చంకలో పెట్టుకుని
ఎవరో లారీ డ్రైవరు
నాకన్నా ముందే లేచాడు.